సామాను దగ్గర ఆగినవారి వాటా



ఈ నెల మీతో కలిసి ఒక ప్రశ్న గురించి ఆలోచించాలని ఉంది. సైన్యంలో పనిచేసినవానికి, అతని భార్యాపిల్లలకు, ముసలి తల్లిదండ్రులకు జబ్బు చేస్తే వైద్యం చేయించే బాధ్యత ఎవరిది? ఆ వైద్యాన్ని మనం ఏమని పిలవాలి? కృతజ్ఞతతో ఇచ్చే బహుమానమనా, చేసిన కొలువుకు కూలి అనా, లేక మరేదైనానా? పేరులో ఏముంది అనుకోకండి. మనం ఏ పేరు పెడతామో దాన్నిబట్టే అది ఎవరికి అందుతుంది, ఎంతకాలం అందుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది తేలుతుంది.

గల్ఫ్‌లో బ్రతుకుతున్న మనకు ఈ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒకసారి చుట్టూ చూడండి. అద్లియాలో మన కళ్లకు కనిపించేవి హోటళ్లు, కాఫీ షాపులు, 338 బ్లాకులో రాత్రి వెలిగే దీపాలు. పక్కనే జుఫెయిర్. అక్కడ అమెరికా నౌకాదళపు అయిదవ ఫ్లీట్ కేంద్రం ఉంది. దాని గేట్ల లోపల తమవాళ్ల కోసం క్లినిక్ పెట్టుకున్నారు. అటు రిఫాలో బహ్రెయిన్ రక్షణ దళానికి పెద్ద ఆసుపత్రి ఉంది. ఏ దేశమైనా సరే, సైన్యాన్ని నిలబెట్టినచోట ఆసుపత్రిని కూడా నిలబెట్టక తప్పదు.

మన సహవాసాల్లోకి చూడండి. మన దేశంలో జవాను పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు చేరి పదిహేను, పదిహేడేళ్లు పనిచేసి ముప్పై అయిదు దాటేసరికి పెన్షన్ మీద ఇంటికి వస్తాడు. అప్పటికి పిల్లల చదువులు సగంలో ఉంటాయి, ఇల్లు పునాదుల మీద ఉంటుంది. అందుకే చాలామంది రెండో కొలువు వెదుక్కుంటారు. సెక్యూరిటీ పనికో, డ్రైవర్‌గానో, స్టోర్ కీపర్‌గానో గల్ఫ్‌కు వచ్చినవారు మీ పక్క వరుసలోనే కూర్చుని పాడుతుండవచ్చు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ఊరంతా సైన్యానికి పంపినందుకు మిలటరీ మాధవరం అంటారు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో కూడా గోడమీద యూనిఫాం ఫోటో ఉన్న ఇళ్లు ఎన్నో. ఆ ఇంటి కొడుకు ఇక్కడ ఉంటాడు. ఆ ఇంటి తల్లి అక్కడ మోకాళ్ల నొప్పులతో, షుగరుతో, ఒక్కతే ఉంటుంది. ప్రశ్న మన గుమ్మంలోనే ఉంది.

కృతజ్ఞత సరిపోతుందా?

మొదటి జవాబు అందరికీ నచ్చేది. వాళ్లు దేశం కోసం నిలబడ్డారు గనుక మనం కృతజ్ఞులమై వారిని చూసుకోవాలి అంటాం. మంచి మాటే. కానీ లూకా సువార్త 7వ అధ్యాయంలో కపెర్నహూము శతాధిపతి సంగతి గుర్తు చేసుకోండి. అతని దాసుడు చావుబ్రతుకుల్లో ఉన్నాడు. యూదుల పెద్దలు ప్రభువు దగ్గరకు వచ్చి అతని తరఫున సిఫారసు చేశారు. అతడు మంచివాడు, మన జనాన్ని ప్రేమించాడు, సమాజమందిరం కట్టించాడు, కాబట్టి ఇతనికి చేయడం తగును అన్నది వారి వాదన. ఈనాటి మన భాషలో చెప్పాలంటే, అతని సేవా రికార్డు చూపించి వైద్యం అడిగారు.

అయితే ఆ శతాధిపతి స్వయంగా ఏమని కబురు పంపాడు? నేను తగినవాడను కాను అని పంపాడు. యోగ్యత లెక్కను పెద్దలు ముందుకు తెచ్చారు, సైనికుడే దాన్ని పక్కన పెట్టాడు. అతడు అడిగింది తన కోసం కూడా కాదు, తన ఇంట్లో పనిచేసేవాని కోసం. ప్రభువు ఆ దాసుణ్ణి బాగుచేసేముందు అతడు ఎన్ని మందిరాలు కట్టాడని అడగలేదు.

కృతజ్ఞతతో వచ్చే చిక్కు ఇదే. అది మనుషులను వరుసలో నిలబెడుతుంది. ఎవరు ఎక్కువ చేశారు, ఎవరు తక్కువ చేశారు అని చూస్తుంది. సరిహద్దులో చనిపోయినవాని ఇంటికి మంత్రులు వస్తారు. పదిహేడేళ్లు వంటశాలలో గరిటె తిప్పి, లారీ నడిపి, వెన్నెముక అరిగిపోయి ఇంటికి వచ్చినవాని గుమ్మంలోకి ఎవరూ రారు. పైగా కృతజ్ఞత తొందరగా ఆరిపోతుంది. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు మన ఊళ్లలో ఎన్ని సభలు, ఎన్ని చందాలు! ఆ కాలపు వితంతువులు ఇప్పుడు ముసలితనంలో అడుగుపెడుతున్నారు. ఇప్పుడు వారి బీపీ మాత్రల సంగతి ఎవరు అడుగుతున్నారు? కృతజ్ఞత గొప్ప గుణమే, కానీ దాని మీద ఆసుపత్రి కట్టలేం.

కూలి లెక్క సరిపోతుందా?

రెండవ జవాబు కాస్త గట్టిది. ఇది దయ కాదు, ఒప్పందం అంటుంది. పనిచేశాడు, అందుకు తగ్గది ఇవ్వాలి. కృతజ్ఞత కన్నా ఇది మేలు, ఎందుకంటే ఇందులో అడిగే హక్కు ఉంటుంది. కానీ ఒప్పందం కాగితం మీద రాసినంతవరకే నడుస్తుంది. రాసినవాడు సైనికుణ్ణి మరిచిపోతే ఒప్పందం కూడా మరిచిపోతుంది.

దీనికి సాక్ష్యం మనం నివసిస్తున్న ఈ సముద్రమే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1914 అక్టోబరులో, భారత సైన్యపు దళం ఒకటి ఓడల్లో వచ్చి బహ్రెయిన్ తీరాన లంగరు వేసింది. నవంబరు మొదట్లో ఆ ఓడలు ఇక్కడినుంచి ఇరాక్ తీరంలోని ఫావోకు కదిలాయి. మెసపొటేమియా యుద్ధం అలా మొదలైంది. తరువాతి కాలంలో మన తెలుగువారు కూడా పనిచేసే మద్రాసు శాపర్ల దళాలు అక్కడికి వెళ్లాయి. తుపాకులు పంపారు, మనుషులను పంపారు, వైద్యం మాత్రం చాలినంత పంపలేదు. 1915 నవంబరులో టెసిఫోన్ దగ్గర జరిగిన పోరు తరువాత గాయపడినవారిని కుదుపులకు ఎముకలు కదిలే బండ్లలో వేసి, ఆపైన కిక్కిరిసిన పడవల్లో టైగ్రిస్ నదిమీద రోజుల తరబడి బస్రాకు తెచ్చారు. చాలామందికి కట్టు మార్చేవాడు కూడా లేడు. ఆ పడవను బస్రాలో చూసిన వైద్యాధికారి మార్కమ్ కార్టర్ ఉన్నది ఉన్నట్టు పైవారికి చెప్పాడు. మెచ్చుకోవలసిందిపోయి ఆయననే బెదిరించారు. చివరకు విచారణ సంఘం వేయక తప్పలేదు, 1917లో దాని నివేదిక బయటికి వచ్చింది. ఆ గాయపడినవారు ఎవరూ ఒప్పందం తప్పలేదు. ఒప్పందం రాసినవారు లెక్క తప్పారు.

ఇప్పటి సంగతి చూద్దాం. 2003 ఏప్రిల్ 1న మన దేశంలో మాజీ సైనికుల కోసం ఈసీహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం మొదలైంది. రిటైరయ్యేటప్పుడు ఒక్కసారి చందా కడితే, ఆయనకూ భార్యకూ, ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ జీవితాంతం వైద్యం అందాలన్నది ఉద్దేశం. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవారికి ఆ చందా కూడా లేదు. దేశమంతటా 400కు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. ఇది నిజంగా మంచి పథకం, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అందుకు దేవునికి స్తోత్రం.

కానీ ఒప్పందపు గీత ఎక్కడ పడిందో గమనించండి. పథకం పెన్షన్‌కు ముడిపడి ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో పనిచేసి పెన్షన్ రాకుండా ఇంటికి వచ్చినవారు దానికి బయటే ఉండిపోయారు. వారిని లోపలికి తీసుకోవడానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 2019 మార్చిలో. యుద్ధం 1945లో ముగిసింది. డెబ్బై నాలుగేళ్లు! ఎంతమంది మిగిలి ఉంటారో మీరే ఊహించండి.

2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్లు పనిచేశాక నాలుగోవంతుకు మించకుండా ఉంచుకుని మిగతావారిని పంపేస్తారు. అలా వచ్చేసినవారికి పెన్షన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డు లేదు. కొలువులో ఉండగా ప్రాణం పోతే, అంగవైకల్యం వస్తే బీమా, పరిహారం ఉన్నాయి. అది ఒప్పుకోవాలి. కానీ శరీరం అన్ని గాయాలనూ వెంటనే చూపించదు. మంచు ప్రాంతంలో పాడైన ఊపిరితిత్తులు, ఫిరంగుల మోతకు దెబ్బతిన్న చెవి, నిద్రపట్టని మనసు నలభై ఏళ్లకు, యాభై ఏళ్లకు బయటపడతాయి. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అగ్నివీరుగానే 2025 మే నెలలో సరిహద్దులో ప్రాణం ఇచ్చాడు. నాలుగేళ్ల గడువు ఇంకా పూర్తి కాలేదు. తూటా గడువు అడగదు. మరి తరువాత వచ్చే జబ్బు విషయంలో మనం గడువు అడగవచ్చా?

బెసోరు వాగు దగ్గర

మొదటి సమూయేలు 30వ అధ్యాయం తెరవండి. అమాలేకీయులు సిక్లగును కాల్చి, స్త్రీలను పిల్లలను చెరపట్టుకుపోయారు. దావీదు ఆరువందల మందితో వెంటబడ్డాడు. బెసోరు వాగు దగ్గరకు వచ్చేసరికి రెండువందల మంది అలసట వల్ల దాటలేకపోయారు. సామాను దగ్గర ఆగిపోయారు. మిగతా నాలుగువందల మంది వెళ్లి, గెలిచి, అంతా విడిపించుకుని తిరిగి వచ్చారు. అప్పుడు వారిలో కొందరు గొడవకు దిగారు. మాతో రానివారికి ఎందుకు పంచాలి, వారి భార్యాపిల్లలను వారికిచ్చి పంపేయండి చాలు అన్నారు.

దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి పోయినవానికి ఎంతో, సామాను దగ్గర ఉన్నవానికీ అంతే అని తీర్పు చెప్పాడు. అది ఆనాటినుంచి ఇశ్రాయేలులో కట్టడగా నిలిచింది. ఆయన చెప్పిన కారణం ముఖ్యం. ఈ గెలుపు మనం సంపాదించింది కాదు, ప్రభువు మనకిచ్చింది, ఇచ్చినదాన్ని నాది అని దాచుకునే అధికారం మనకు లేదు అన్నది దాని సారం.

ఇదే మూడవ జవాబు. ఇది బహుమానం కాదు, కూలి కూడా కాదు. ఇది వాటా. ఒకే పనిలో కలిసి నిలిచినవారికి రావలసిన భాగం.

ఇప్పుడు సైనికుని ఇల్లు చూడండి. అతడు సరిహద్దులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు జ్వరమొస్తే అర్ధరాత్రి ఆటో కోసం నిలబడినది ఎవరు? అత్తగారికి పక్షవాతం వస్తే మంచం దగ్గర కూర్చున్నది ఎవరు? మూడేళ్లకోసారి బదిలీ అయితే పెట్టె సర్దింది ఎవరు? ఫోన్ రాని రోజుల్లో టీవీ వార్తల ముందు ప్రార్థన చేసుకుంటూ గడిపిన తల్లి ఎవరు? వారే బెసోరు వాగు దగ్గర ఆగినవారు. వారు సోమరులై ఆగలేదు, అలసిపోయి ఆగారు. అంతేకాదు, సామాను కాచేవాడు ఒకడున్నాడన్న ధైర్యం ఉంటేనే ముందుకు పోయేవాడు చేతులూపుకుంటూ పోగలడు. కాబట్టి సైనికుని భార్య మందు, తల్లి కంటి ఆపరేషన్ దేశం చేసే దానధర్మం కిందికి రావు. అవి వారి వాటా.

ఇక్కడ మీలో ఒకరు అడుగుతారు. సైనికుని ఇల్లే ఎందుకు? అద్లియా హోటల్ వంటగదిలో పన్నెండు గంటలు నిలబడేవాడు ఇల్లు వదిలి రాలేదా? రాయచోటినుంచి, కోనసీమనుంచి ఇంటిపనికి వచ్చిన అక్క తన పిల్లలను అమ్మ దగ్గర వదిలి రాలేదా? వారి ఇంటి రోగాలకు ఏ కార్డు ఉంది? న్యాయమైన ప్రశ్న. దావీదు చేసిన తరువాతి పని దీనికి జవాబు. సిక్లగుకు తిరిగి వచ్చాక ఆయన ఆ సొమ్ములోనుంచి యూదా ఊళ్ల పెద్దలకు కూడా పంపించాడు. వాటా అనే ఆలోచన ఒకచోట నిజంగా వేళ్లూనితే అక్కడే ఆగదు. సైనికుని తల్లికి వచ్చే వైద్యాన్ని తగ్గిస్తే ఇంటిపని అక్క తల్లికి ఏమీ పెరగదు. ఒకరికి అందినది చూసి, ఇది అందరికీ అందవలసినది అని అడగడమే సరైన దారి.

మరికొందరికి వేరే సందేహం ఉంటుంది. సమాధానకర్తను వెంబడించే మనం సైన్యం పక్షాన మాట్లాడవచ్చా? రెండవ రాజులు 5వ అధ్యాయంలో నయమాను శత్రు సైన్యాధిపతి. అతని దండు చెరపట్టి తెచ్చిన చిన్నపిల్ల అతని ఇంట్లో పనిమనిషి. అతని జబ్బు నయం కావాలని కోరింది ఆ పిల్లే. ఆమె అతని యుద్ధాలను మెచ్చుకోలేదు, అతని కుష్ఠును చూసి జాలిపడింది. మన మనామాలో 1903లో తలుపులు తెరిచిన అమెరికన్ మిషన్ ఆసుపత్రి ఈ రోజుకూ అన్ని దేశాలవారినీ, అన్ని మతాలవారినీ చూస్తోంది. రోగం ముందు మొదటి ప్రశ్న నొప్పి ఎక్కడ అన్నదే కావాలి.

ఉత్తరం ఒకచోటికి, రోగి ఒకచోటికి

నయమాను కథలో ఇంకొక సంగతి ఉంది, మనం తరచుగా దాటిపోతాం. అతనికి లేనిదేమిటి? రథాలున్నాయి, వెండి బంగారాలున్నాయి, సాక్షాత్తు రాజుగారి ఉత్తరం ఉంది. కానీ ఆ ఉత్తరం తప్పు ఆఫీసుకు పోయింది! ఇశ్రాయేలు రాజు దాన్ని చదివి, నాతో తగువుకు దారి వెదుకుతున్నాడని బట్టలు చింపుకున్నాడు. అసలు తలుపు ఎలీషాది. ఆ తలుపు ఉందని ముందే చెప్పినది చదువూ పదవీ లేని పనిపిల్ల. అర్హత ఒకటి, దారి మరొకటి.

మన ఊళ్లలో జరిగేది ఇదే. కార్డుకు అర్హత ఉంటుంది, కానీ సైన్యం రికార్డులో తల్లి పేరు మరియమ్మ, ఆధార్‌లో మేరీ. పెళ్లి చర్చి రిజిస్టరులో ఉంటుంది, యూనిట్ కాగితాల్లో ఎక్కలేదు. తల్లిదండ్రులు కొడుకు మీద ఆధారపడ్డారని, నెల ఆదాయం పరిమితికి లోబడి ఉందని చూపాలి. సాధారణంగా మొదట పాలీక్లినిక్‌కు వెళ్లాలి, అక్కడ రెఫరల్ రాయించుకుని పథకంలో ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ప్రాణాపాయమైతే వేరే ఆసుపత్రిలోనైనా చేర్చవచ్చు, కానీ 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలియజేయాలి, కట్టిన డబ్బు తరువాత అడిగి తెచ్చుకోవాలి. బిల్లులు రాలేదని ఆసుపత్రులు ఈ కార్డు చూసి ముఖం చిట్లించే రోజులూ ఉంటాయి. డెబ్బై ఏళ్ల తల్లికి ఇవన్నీ ఎవరు చెబుతారు? అంతా ఆన్‌లైన్ అంటారు, ఓటీపీ మాత్రం కొడుకు ఫోన్‌కు వస్తుంది. ఆ కొడుకు ఇండియా సిమ్ అద్లియాలో డ్రాయర్ సొరుగులో ఉంటుంది.

కాబట్టి ప్రియులారా, మనం చేయగలిగినది ఉంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు తిన్నావా అమ్మా అని అడిగాక, కార్డు ఎక్కడుంది అమ్మా, ఒకసారి చూపించు అని అడగండి. పేర్లు సరిపోతున్నాయో లేదో ఈ నెలే చూడండి, రోగం వచ్చిన రోజు చూస్తే ఆలస్యమవుతుంది. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో, దగ్గరి పాలీక్లినిక్ ఏదో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి ఇంట్లో గోడకు అంటించండి. ఆ సిమ్‌ను సొరుగులోనుంచి బయటికి తీయండి. సైన్యంలో పనిచేసి వచ్చిన అన్నలారా, మీకు ఈ కాగితాల భాష తెలుసు. శుక్రవారం ఆరాధన తరువాత అరగంట కూర్చుంటే పక్కవాని తల్లికి దారి దొరుకుతుంది. మీ సొంత ఊరి సంఘంలో ఒక యౌవనస్థుణ్ణి, ఆ అమ్మగారిని పాలీక్లినిక్‌కు తోడు తీసుకువెళ్లమని అడగండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన సహవాసాల్లో ఎవరికైనా జబ్బు అనగానే చందా వేయడం మంచి అలవాటు, అది మానవద్దు. కానీ హక్కుగా రావలసిన వైద్యానికి ప్రతిసారీ చందా వేసి ఊరుకుంటే, ఆమెకు రావలసిన వాటా రాకపోయిందన్న సంగతి మన దాతృత్వం కింద కప్పబడిపోతుంది. డబ్బు ఈ రాత్రి పంపండి, కార్డు కోసం రేపు ఉదయం కూర్చోండి. ఒకటి రెండవదానికి బదులు కాదు.

నయమాను ఇంట్లోని ఆ చిన్నదాని పేరు వాక్యంలో లేదు. ఆమెకు రథం లేదు, ఉత్తరం రాసే అధికారం లేదు. పరదేశంలో పనిమనిషిగా ఉండి, దారి తెలుసు గనుక చెప్పింది. పరదేశంలో పనిచేసుకుంటున్న మనకు ఇంతకన్నా దగ్గరి మాదిరి ఎక్కడ దొరుకుతుంది? మీకు తెలిసిన దారి ఈ వారం ఎవరికి చెప్పబోతున్నారు?

సామాను దగ్గర ఆగి అలసిపోయిన ప్రతి తల్లినీ, ప్రతి సహోదరినీ ప్రభువు జ్ఞాపకం చేసుకొని, వారి వాటా వారికి చేరడానికి మన చేతులను వాడుకొనును గాక. ఆమేన్.